నుదుటి మీది సుడి

హేమశ్రీ కాళ్ళతో నేలను తన్ని కుర్చీని వెనక్కి జరుపుతుంది. తల కొంచెం పక్కకు వంచి కళ్ళు సగం మూస్తుంది. తెర మీది మొహాన్ని అలా కాసేపు చూస్తుంది. తర్వాత కళ్ళు తెరిచి, కుర్చీ ముందుకు లాక్కుని, మౌస్ మీద చెయ్యి వేస్తుంది. రోజుకు ఎన్నిసార్లు చేస్తుందో ఆమెకే తెలియదు. కుర్చీ చక్రాలు తిరిగిన మేర గచ్చు మీద రెండు గీతలు పడ్డాయి.

"ఏమక్కా, నిద్ర వస్తా ఉండాదా?" అంటారు ఫోటో కోసం నిలబడినవాళ్ళు.

"నిద్ర కాదబ్బా. మీ మొగం యాడుండాదా అని వెతుకుతా ఉండాను."

వాళ్ళు నవ్వుతారు. ఆమె నవ్వదు. ఆమె చెప్పింది నిజమే గనక.

స్టూడియో తిరుపతిలో, గాంధీ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉంది. రెండు గదులు. ముందు గదిలో నీలం తెర, రెండు లైట్లు, ఒక స్టూలు. వెనక గదిలో కంప్యూటరు, ప్రింటరు, హేమశ్రీ. యజమాని కృష్ణమూర్తి ముందు గదిలో ఫోటో తీస్తాడు. వెనక గదిలో ఆమె దాన్ని మనిషికి ఇవ్వదగినట్టు చేస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ఆమెకిప్పుడు నలభై ఐదు.

వచ్చేవాళ్ళలో సగం మంది గుండ్లతో వస్తారు. కొండ దిగి, తలకు గంధం పూసుకుని, ఇంకా ఆరని గంధంతోనే స్టూలు మీద కూర్చుంటారు. గంధం రంగు మనిషి కంటికి ఒకలా, కెమెరాకు ఒకలా కనిపిస్తుంది. ట్యూబులైటు వెలుగులో ఆకుపచ్చగా తేలుతుంది. ఆ ఆకుపచ్చను ఎంత తగ్గిస్తే గంధం మళ్ళీ గంధమవుతుందో హేమశ్రీకి అంకెల్లో తెలుసు. ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత. సున్నా నుంచి రెండు వందల యాభై ఐదు దాకా మూడు అంకెలు. ప్రపంచంలోని ఏ రంగయినా ఆమె తెర మీద ఆ మూడు అంకెలే.

గుండుతో వచ్చినవాళ్ళలో కొందరు జుట్టు పెట్టమంటారు. పెళ్ళి పత్రికకో, గోడ మీద పటానికో. సర్కారు కార్డులకైతే ఆమె పెట్టదు. ఉన్న తలే పోవాలి. మిగతా వాటికి పెడుతుంది. అందుకోసం కంప్యూటరులో ఒక పెట్టె ఉంది. అందులో నూట పద్నాలుగు జుట్లు ఉన్నాయి. కొండ ఎక్కకముందు ఫోటో దిగడానికి వచ్చినవాళ్ళను ఆమె అడుగుతుంది. "మీ జుట్టు నా దగ్గర పెట్టుకోవచ్చునా? మొగం ఉండదు. జుట్టొకటే." ఎక్కువమంది సరేనంటారు. వాళ్ళ అసలు జుట్టు కొండ మీద రాలిపోతుంది. దాని బొమ్మ ఈమె దగ్గర ఉండిపోతుంది. నొక్కులది, ఉంగరాలది, నడినెత్తిన పలచబడ్డది, అప్పుడే నరసినది. దేనికీ పేరు లేదు. ఊరి పేరూ ఒక నెంబరూ ఉంటాయి. పుత్తూరు రెండు. నగరి నాలుగు.

ఈ పని ఆమెకు నాయన దగ్గర అబ్బింది.

నాయన చెంగయ్య ఇదే స్టూడియోలో ఫిల్ముల మీద పెన్సిలు దిద్దేవాడు. కింద బల్బు, పైన తెల్లటి గాజు, గాజు మీద వేలెడంత ఫిల్ము. పెన్సిలు ముల్లును గరుకు కాగితం మీద సూది మొనంత సన్నగా అరగదీసేవాడు. ముడతలు, గుంటలు, చెమట మెరుపులు అన్నింటినీ చుక్కలతోనే పూడ్చేవాడు. గీత గీయకూడదు. గీత తెలిసిపోతుంది. చుక్క పక్కన చుక్క, దాని పక్కన ఇంకొకటి. వంద చుక్కలకొకసారి వెనక్కి వాలి, కళ్ళు సగం మూసి చూసేవాడు.

"ఎందుకు నాయనా కళ్ళు మూస్తావు?" అని చిన్నప్పుడు అడిగింది.

"కళ్ళు పూర్తిగా తెరిస్తే చుక్కలు కనపడ్తాయి పాపా. సగం మూస్తే మనిషి కనపడ్తాడు."

ఆయన ఇంకొకటి కూడా నేర్పాడు. ఫిల్ము మీద ఏ మచ్చ కనబడినా పెన్సిలు ఆనించే ముందు పైకే అడిగేవాడు. "ఈ మచ్చ ఫిల్ముదా, మనిషిదా?" ఫిల్ముదైతే పూడ్చేవాడు. మనిషిదైతే వదిలేసేవాడు. తెలియకపోతే లేచి వెళ్ళి, మనిషి ఇంకా ముందు గదిలో ఉంటే చూసి వచ్చేవాడు. వెళ్ళిపోయి ఉంటే ఆ మచ్చ అలాగే ఉండేది.

హేమశ్రీ పనిలో చేరిన ఐదేళ్ళకు కంప్యూటరు వచ్చింది. దాన్ని అమర్చడానికి చెన్నై నుంచి వచ్చినాయన ఒక ఫోటో తెరిచి, పెంచి, ఇంకా పెంచి చూపించాడు. కన్ను పోయింది. రెప్ప పోయింది. చివరికి తెర నిండా గళ్ళు మిగిలాయి. ఒక్కో గడిలో ఒక్కటే రంగు. "దీన్నే పిక్సెల్ అంటారమ్మా. ఫోటో అంటే ఇంతే. గళ్ళు, గళ్ళలో అంకెలు. ఇంకేమీ లేదు," అన్నాడు ఆయన, ఆమె భయపడుతుందేమో అనుకుని.

ఆమె భయపడలేదు. అవి నాయన చుక్కలే. కాకపోతే నలుపలకలుగా ఉన్నాయి. కుర్చీ వెనక్కి జరిపి కళ్ళు సగం మూసింది. గళ్ళల్లోంచి మొహం వచ్చింది.

పెళ్ళి రెండుసార్లు కుదిరినట్టే కుదిరి ఆగింది. మూడోసారి ఆమె ఎవర్నీ అడగనివ్వలేదు. ఊళ్ళోనే భైరాగిపట్టెడలో తండ్రీ కూతురూ ఉంటారు. చెంగయ్యకు డెబ్బై ఏడు. ఒక కంటికి ఆపరేషను అయింది. ఇంకో కన్ను మసక. ఆ మసక కన్నుతోనే మొహాలు బాగా తెలుస్తాయంటాడు.

ఇంతవరకూ ఆమె రోజులన్నీ ఒకేలా గడిచాయి. ఒక శుక్రవారం మాత్రం వేరుగా గడిచింది.

ఆ రోజు పదకొండింటికి బంగారుపాళ్యం దగ్గరి పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది. మామిడి తోటలు ఉన్నవాళ్ళు. భార్య మహిత, భర్త గిరిప్రసాద్, అతని తల్లి ఆదిలక్ష్మమ్మ. గిరిప్రసాద్ భుజం మీద పదకొండు నెలల పాప, లోహిత. తల నున్నగా, గంధంతో పచ్చగా ఉంది. పాప తన తలను తానే అరచేత్తో తట్టుకుంటూ ఉంది. అక్కడ ఏదో లేదని దానికీ తెలిసినట్టుంది.

కృష్ణమూర్తి గుండు ఫోటో తీశాడు. అది అయ్యాక మహిత వెనక గది గుమ్మం దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఫోటోలో జుట్టు పెడ్తారంట గదా?"

"ఎవురికి?"

"మా బిడ్డకి. గుండుకి ముందు ఎట్లుండిందో అట్ల కావాల. పెద్దది. గోడకు రెండూ పక్కపక్కన పెట్టుకోవాల."

"ముందు తీసిన ఫోటో ఒకటుంటే ఇవ్వు తల్లీ. దాన్నే పెద్దది చేసిస్తాను. జుట్టు పెట్టే పనే ఉండదు."

మహిత అత్త వైపు చూసింది. ఆదిలక్ష్మమ్మ లావుపాటి కళ్ళద్దాలు సర్దుకుంది.

"యాడుంటాది? పుట్టెంట్రుకలు స్వామికిచ్చేదాకా ఫోటో తీయబాకండని చెప్పినాను. మా ఇంట్లో అంతే. దిష్టి. మా గిరిగానికీ తీయలేదు."

"మీ కొడుక్కి లేదని నా బిడ్డకీ లేకండా పోవాల్నా అత్తా?"

"వాడికేం తక్కువైంది? ఎద్దు మాదిరుండాడు."

గిరిప్రసాద్ పాపను రెండో భుజానికి మార్చుకుని బయటికి పోయాడు.

మహిత గొంతు తగ్గించింది. "ఇన్నాళ్ళూ నాకూ ఏమనిపించలేదక్కా. కత్తి పెట్టినాక, ఆ ఎంట్రుకలు నీళ్ళతో రాల్తా ఉంటే అప్పుడు తెలిసింది. ఇంక దాన్ని అట్ల యాడా సూడలేను గదా అని. వచ్చే జుట్టు వేరే జుట్టు. ఇది పోయింది."

ఫోను తీసి చూపించింది. ఒక్కటే ఫోటో ఉంది. చిత్తూరులో చిన్నాన్న కూతురి గృహప్రవేశంలో ఎవరో తీసింది. ముప్పై మంది నిలబడ్డారు. కుడివైపు చివర మహిత, ఆమె చంకలో పాప. అత్తకు తెలియకుండా దిగింది. ఒకరి నుంచి ఒకరికి, ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చింది.

"అదీ దిగినావా?" అంది ఆదిలక్ష్మమ్మ. కోపంగా అనలేదు. కొంచెం ఒంగి చూసింది. ఫోను తెర మీద పాప తల కందిబేడంత ఉంది. "ఏమీ కనపడ్లే," అని వెనక్కి జరిగింది.

హేమశ్రీ ఆ ఫోటో తన కంప్యూటరులోకి తెచ్చుకుంది. పాప ఉన్న ముక్క వరకు కత్తిరించి లెక్క చూసింది. అడ్డం నూట ఇరవై గళ్ళు, నిలువు నూట యాభై. మొత్తం పద్దెనిమిది వేలు. కృష్ణమూర్తి ఇప్పుడే తీసిన గుండు ఫోటోలో రెండు కోట్ల నలభై లక్షలు. ఇంత తక్కువ గళ్ళను గోడ పటమంత సాగదీస్తే ఒక్కో గడి ఆవగింజ కన్నా పెద్దదవుతుంది. మొహం ఉండదు. నాపరాళ్ళు పరిచినట్టుంటుంది.

"సాయంత్రం రాండి. చేసి పెడ్తాను," అంది.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండానే పనిలో కూర్చుంది. గుండు ఫోటో ఒక పక్క, చిన్న ఫోటో ఇంకో పక్క. మొహం గుండు ఫోటోది. జుట్టు పెట్టెలోంచి తీసింది. నగరి నుంచి వచ్చిన ఒక బిడ్డది, మెత్తగా, చెవుల దగ్గర ఒంపు తిరిగింది. నుదుటి అంచు ఎక్కడ మొదలవాలో, ఎంత ఒత్తుగా ఉండాలో చిన్న ఫోటో చూసి దిద్దింది. చిన్న ఫోటో నిండా మురికి ఉంది. ఫోను ఒక ఫోటోను పంపేటప్పుడు దాన్ని తేలిక చేస్తుంది. ఎనిమిదికి ఎనిమిది గళ్ళను ఒక ముద్దగా చూసి, మనిషి కంటికి ఆనని తేడాలను వదిలేస్తుంది. పంపిన ప్రతిసారీ ఇంకొంచెం వదిలేస్తుంది. ఆ వదిలేసిన చోట మరకలు తేలతాయి. పాప ఎడమ కనుబొమ్మకు పైన, జుట్టు మొదట్లో, అలాంటి మరకే ఒకటి ఉంది. వెలిసినట్టున్న ఏడెనిమిది గళ్ళు. హేమశ్రీ దాన్ని చూసింది. మురికి అనుకుంది. కొత్త ఫోటోలో అక్కడ జుట్టును నున్నగా దువ్వేసింది.

నాలుగింటికి అయిపోయింది. కుర్చీ వెనక్కి జరిపి కళ్ళు సగం మూసింది. తెర మీద జుట్టున్న పాప ఉంది. చాలా బాగుంది.

"ఏం చేసినావు హేమా! ఈ జుట్టుతోనే పుట్టినట్టుండాది," అన్నాడు కృష్ణమూర్తి.

ఐదున్నరకు వాళ్ళు వచ్చారు. రాత్రికి సత్రంలో ఉండి, తెల్లారి తిరుచానూరులో అమ్మవారిని చూసుకుని, తొమ్మిదిన్నర చిత్తూరు బస్సుకు పోతామని చెప్పారు. హేమశ్రీ పెద్ద ఫోటోను బల్ల మీద పరిచింది. మహిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా తల్లే," అంది.

ఆదిలక్ష్మమ్మ దగ్గరికి వచ్చింది. బొటనవేలిని పాప ఎడమ కనుబొమ్మ పైన ఆనించి, పక్కకు, పైకి, మళ్ళీ పక్కకు తిప్పింది. నూనె రాసినట్టు. రెండుసార్లు తిప్పి వేలు తీసేసింది.

"మొగం మాదే," అంది. "నెత్తి ఎవురిది?"

మళ్ళీ అదే చోట వేలు పెట్టి చూపించింది.

"ఈడ సుడి ఉండాల. నడినెత్తిన ఒకటి, ఈడ ఒకటి. రెండు సుళ్ళు, రెండు పెళ్ళిళ్ళని ఊర్లో అందరూ ఎగతాళి చేసినారు. దినామూ నూనె పెట్టి అణిచేది నేను. అణిగేదే కాదు. చెయ్యి తీస్తానే లేచేది. ఇది యాడిదో అణిగిన జుట్టు."

మహిత ఫోటో వైపు మళ్ళీ చూసింది. ఇందాక చూసిన బిడ్డ అందులో లేదు. అది హేమశ్రీకి ఆమె మొహంలోనే తెలిసింది.

"నిజం చెప్పమ్మా, ఎవురి బిడ్డది ఈ జుట్టు?" అంది ఆదిలక్ష్మమ్మ.

"నగరి నుంచి వచ్చిన ఒక బిడ్డది పెద్దమ్మా. కొండకు పోకముందు తీసింది."

"స్వామికిచ్చేసిందా?"

"జుట్టు కొండ మీదే ఉండాది. ఇది బొమ్మే గదా..."

"ఇచ్చేసినాక ఇచ్చేసినట్టే. ఆయన సొత్తు తెచ్చి మా బిడ్డ నెత్తిన పెడ్తారా? ఆ నగరి తల్లికి తెలిస్తే ఏమంటాది?"

హేమశ్రీ కుర్చీలో కూర్చుని చిన్న ఫోటో తెరిచింది. కనుబొమ్మ పైన ఉన్న మరకను పెంచింది. ఇంకా పెంచింది. ఫోను వేసిన మురికి ఎప్పుడూ ఎనిమిది గళ్ళ ముద్దల అంచులు పట్టుకునే ఉంటుంది. నిలువుగా, అడ్డంగా, గోడ కట్టినట్టు. ఈ మరక అలా లేదు. ఒక ముద్దలో మొదలై, అంచు దాటి, పక్క ముద్దలోకి వంపు తిరిగి పోయింది. మధ్యాహ్నం ఇది చూసి ఉండాల్సింది. నాయన అయితే చూసేవాడు. చూడకపోయినా అడిగేవాడు. బిడ్డ తల్లి అప్పుడు ఊళ్ళోనే ఉంది, ఫోను చేస్తే పలికేది.

"ఉండింది పెద్దమ్మా," అంది. "సుడి ఉండింది. నేనే చెరిపేసినాను. మురికనుకున్నాను."

"యాడ? నాకేం కనపడ్లే. బండలు పరిచినట్టుండాది."

హేమశ్రీ లేచి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. కుర్చీని వెనక్కి లాగింది. "కళ్ళద్దాలు తీయండి," అంది.

"అద్దాలుంటేనే కనపడ్లే. తీస్తే ఏం కనపడ్తాది? ఆటలా?"

"తీయండి పెద్దమ్మా. తీసి చూడండి."

ఆదిలక్ష్మమ్మ అద్దాలు తీసింది. కళ్ళు చికిలించింది. గళ్ళ అంచులు కరిగిపోయాయి. ముసలామె ముందుకు వంగబోయి ఆగింది. చెయ్యి గాలిలోకి లేచింది. బొటనవేలు తిరిగింది.

"ఉండాది! ఇదో, లేచి నిలబడుకోనుండాది ముండమోపి సుడి!" అని నవ్వింది. వెంటనే కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మే, మహితా, రా, సూడు."

మహిత అత్త భుజం మీద చెయ్యి వేసి, హేమశ్రీ చెప్పినట్టు కళ్ళు సగం మూసి చూసింది. చాలాసేపు చూసింది.

"అక్కా, దీన్నే పెద్దది చేసీండి."

"పెద్దది చేస్తే కొత్తగా ఏమీ రాదు తల్లీ. ఈ పద్దెనిమిది వేల గళ్ళే పెద్దవైతాయి. ఫోటో తీసినప్పుడు పడనిది తర్వాత యాడినించీ రాదు."

"ఇప్పుడు ఫోన్లోనే వస్తా ఉండాది గదా హేమా, నొక్కితే తేటగా అయిపోతాది," అన్నాడు కృష్ణమూర్తి. తన ఫోనులోకి ఎక్కించుకుని నొక్కాడు. చక్రం తిరిగింది. తేటగా ఒక పాప వచ్చింది. రెప్పలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కనుబొమ్మ పైన నున్నగా ఉంది. సుడి లేదు.

"అదీ నా మాదిరే చేసింది," అంది హేమశ్రీ.

మహిత పెద్ద ఫోటోను ముట్టుకోకుండా బల్ల మీదే వదిలేసింది. "పోనీలే అక్కా. మీరేం చేస్తారు. లేనిది లేదు," అంది. వాళ్ళు వెళ్ళిపోయారు. హేమశ్రీ గుమ్మం దాకా వచ్చింది. గిరిప్రసాద్ భుజం మీద నుంచి పాప ఈమెనే చూస్తూ తల తట్టుకుంటూ పోయింది.

ఇంటికి పోయేసరికి చెంగయ్య వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. ఆమె చెప్పు విడిచిన తీరు విని తలెత్తాడు.

"ఏం పాపా, ఏమైంది?"

చెప్పింది. నగరి జుట్టు, నూనె రాసే వేలు, ఎనిమిది గళ్ళ ముద్దలు, అన్నీ చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"అడిగినావా?" అన్నాడు. "మచ్చ ఫిల్ముదా మనిషిదా అని?"

"అడగలేదు నాయనా."

ఆయన తల వంచి ఇంకో పదిహేను కాయలు ఒలిచాడు.

"ఆ చిన్న ఫోటో మంచిదేనా?"

"మంచిదే. అంతా ఉండాది అందులో. చిన్నది, అంతే. పెంచితే పగులుతాది."

"ఎవురు పెంచమన్నారు?"

"వాళ్ళకు గోడకు కావాలంట."

"వాళ్ళకు బిడ్డ కావాల పాపా. గోడ తర్వాత." చేతులు తుండుకు తుడుచుకుని లోపలికి పోయి, ట్రంకు పెట్టెలోంచి ఒక పాత కవరు తెచ్చాడు. అందులో వేలి గోరంత ఫోటోలు, ఒక కాగితం మీద వరసగా ఉన్నాయి. ఫిల్మును నేరుగా కాగితం మీద ఆనించి తీసినవి. పెంచనివి. ఏభై ఏళ్ళ కిందటివి. వరండా దీపం దగ్గరికి పట్టుకుంటే ఒక్కోదాంట్లో మీసం, బొట్టు, చొక్కా గుండీ అన్నీ కనిపించాయి.

"పెంచబాక," అన్నాడు. "ఉన్నంతలో తీయి. దీన్నే కాంటాక్టు అనేవాళ్ళం."

హేమశ్రీ ఆ కాగితాన్ని పట్టుకుని కూర్చుంది. ఇరవై ఆరేళ్ళలో ఎవరు వచ్చినా పెద్దది చేయమనే అడిగారు. చిన్నది చేయమని ఎవరూ అడగలేదు. తనకూ తోచలేదు. ప్రింటరు అంగుళానికి మూడు వందల చుక్కలు వేస్తుంది. నూట యాభై గళ్ళంటే సరిగ్గా అర అంగుళం. గడికి చుక్క, చుక్కకు గడి. సాగదీయడానికి ఏమీ ఉండదు. పగలడానికీ ఏమీ ఉండదు.

మరునాడు పొద్దున ఏడింటికే పోయి స్టూడియో తాళం తీసింది. చిన్న ఫోటోను తెరిచింది. రంగు కొంచెం సరిచేసింది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికో తిరిగి నీలం ఎక్కిన చర్మాన్ని పాప చర్మంగా చేసింది. ఇంకేదీ ముట్టుకోలేదు. ఒక కాగితం మీద ఒకే ఒక్కటి, అర అంగుళం ఎత్తున, ప్రింటు తీసింది. చిన్న కత్తెరతో చుట్టూ కత్తిరించింది. అరచేతిలో పెట్టుకుంది. చింతగింజంత ఫోటో. దానిలో ఒక పాప, పాప నుదుటి మీద లేచి నిలబడిన జుట్టు. కళ్ళు సగం మూయాల్సిన పని లేకపోయింది.

దాన్ని కవరులో పెట్టుకుని బస్టాండుకు నడిచింది. చిత్తూరు బస్సులు ఆగే చోట వెతికింది. తొమ్మిదింబావుకు కిటికీ పక్కన మహిత కనిపించింది. కిటికీ కిందికి వెళ్ళి కవరు పైకి అందించింది.

మహిత కవరు తెరిచి వెతుక్కుంది. దొరికాక వేలి కొన మీద పెట్టుకుంది. "ఇంత చిన్నదా అక్కా?" అంది. కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "అత్తా," అంది కాసేపటికి. "వచ్చింది."

ఆదిలక్ష్మమ్మ పక్క సీటులోంచి వంగింది. కిందికి చూసి అడిగింది. "అమ్మా, ఇప్పుడు అద్దాలు తీయాల్నా, పెట్టుకోవాల్నా?"

"ఈసారి పెట్టుకోండి పెద్దమ్మా."

ముసలామె అద్దాలు పెట్టుకుని చూసింది. బొటనవేలు ఆనించబోయి, వేలే ఫోటో కన్నా పెద్దదని చూసి ఆపుకుంది. రొంటిన ఉన్న కుంకుమ భరిణె తీసి కోడలికి ఇచ్చింది. మహిత భరిణె మూత లోపల దాన్ని పెట్టి సరిచూసింది. సరిపోయింది.

"ఇంతుంటే మంచిదే," అంది ఆదిలక్ష్మమ్మ. "ఎవురి కన్నూ ఆనదు. దిష్టే తగలదు."

డ్రైవరు ఎక్కాడు. పాప తల్లి చేతిలోని ఖాళీ కవరు లాక్కుని కిటికీలోంచి బయటికి ఊపింది. బస్సు కదిలింది.

హేమశ్రీ స్టూడియోకు తిరిగి వచ్చింది. పెద్ద ఫోటో బల్ల మీద అలాగే ఉంది. దాన్ని నిలువుగా నాలుగు చీలికలు చేసి బుట్టలో వేసింది. నగరి జుట్టును ఆ మొహం మీద నుంచి తీసేసి, గుండు ఫోటోను గుండుగానే మళ్ళీ దాచింది.

ముందు గదిలో స్టూలు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చాడు. కృష్ణమూర్తి తీసిన ఫోటో తెర మీదికి వచ్చింది. ఆయన గడ్డం కింద మసగ్గా ఒక మచ్చ ఉంది. హేమశ్రీ మౌస్ మీద నుంచి చెయ్యి తీసి, లేచి, ముందు గదిలోకి పోయింది.

"అన్నా, కొంచెం గడ్డం పైకెత్తు," అంది.